బరువైన గేటు, బక్క పిల్లరు: బందులు బిగించే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఇంటి పనుల్లో గేటు వంతు చివర్లో వస్తుంది. అప్పటికి ప్రహరీ లేచి ఉంటుంది, పిల్లర్లకు ప్లాస్టరింగ్ అయిపోయి ఉంటుంది, మేస్త్రీ ఇంకో సైటుకి వెళ్లిపోయి ఉంటాడు. పిల్లరు కట్టినవాడికి గేటు ఎంత బరువు వస్తుందో తెలియదు. గేటు చేసినవాడికి పిల్లరు లోపల ఊచలున్నాయో, వట్టి ఇటుకలే ఉన్నాయో తెలియదు. ఎవరి పని వాళ్లు బాగానే చేసి ఉండొచ్చు. అయినా ఏడాది తిరిగేసరికి రెండు రెక్కలూ మధ్యలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, గడియ కన్నంలో పడదు, పిల్లరుకీ ప్రహరీకీ మధ్య సన్నని చీలిక కనిపిస్తుంది. దాన్ని వైట్ సిమెంటుతో పూడ్చి రంగు వేసేస్తారు. గేటు మీద పడి పిల్లలు చనిపోయారన్న వార్తలు పేపర్లలో తరచూ చూస్తూనే ఉన్నాం. గేటు కూలడానికి ముందే చాలాసార్లు ఇలాంటి చీలిక హెచ్చరిస్తుంది. అందుకే దాన్ని పూడ్చే ముందు అది ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి.

ముందు బరువు తేల్చుకుందాం. ఇనుప రేకు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. 6 అడుగుల వెడల్పు, అయిదున్నర అడుగుల ఎత్తు ఉన్న ఒక రెక్క దాదాపు 3 చదరపు మీటర్లు. దానికి 1.6 మి.మీ. రేకు కొడితే రేకే దాదాపు 38 కిలోలు. 50×50 మి.మీ. చదరపు పైపు 2 మి.మీ. మందంలో మీటరుకు సుమారు 3 కిలోలు. చుట్టూ ఫ్రేము, మధ్య అడ్డపట్టీలు కలిపి 12 మీటర్లు పడితే మరో 36 కిలోలు. మీద డిజైను, గడియలు, బందులు (గేటును పిల్లరుకి పట్టి తిప్పే కీళ్లు) కలుపుకుంటే ఒక్కో రెక్క 100 కిలోలకు చేరుతుంది. పూర్తి రేకుతో, లేజర్ కటింగ్ డిజైన్లతో ఇప్పుడు చేయిస్తున్న గేట్లు చాలావరకు ఈ బరువులోనో, ఇంకా ఎక్కువగానో ఉంటాయి. ఆర్డరిచ్చేటప్పుడే ఫ్యాబ్రికేటర్‌ని బరువు అడిగి రాయించుకోండి. సాధారణంగా కిలోల లెక్కనే డబ్బు తీసుకుంటాడు కాబట్టి ఆ అంకె అతని దగ్గర ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. 100 కిలోలను కిందికి మోయడం ఏ పిల్లరుకైనా లెక్కలోది కాదు. 9 అంగుళాల ఇటుక పిల్లరు కూడా అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. కష్టమంతా ఆ బరువు పిల్లరు మీద కాకుండా పక్కన వేలాడటంలో ఉంది. 6 అడుగుల రెక్క బరువంతా దాని నడిమధ్యన, అంటే బందుల నుంచి 3 అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క. అందువల్ల పై బందు పిల్లరును గేటు వైపు లాగుతుంది, కింది బందు అటువైపు నెడుతుంది. రెండు బందుల మధ్య నాలుగున్నర అడుగుల దూరం ఉంటే పై బందు దగ్గర లాగుడు 100 × 3 ÷ 4.5, అంటే 67 కిలోలు. అవే బందులను 3 అడుగుల దూరంలో పెడితే లాగుడు 100 కిలోలు. కాబట్టి పై బందును రెక్క పైఅంచుకీ, కింది బందును కిందిఅంచుకీ ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. అంచు నుంచి 6 అంగుళాలు సరిపోతుంది. పై బందుకి పైన పిల్లరు కనీసం ఒక అడుగైనా మిగలాలి. లేకపోతే ఇటుక పిల్లర్లలో పై రెండు వరుసలు బందుతో సహా ఊడి వస్తాయి.

బందులను దూరంగా పెడితే బందులకు బిగించిన బోల్టులకు మేలు జరుగుతుంది. పిల్లరు మొదలుకి మాత్రం ఏ మేలూ లేదు. లాగుడు తగ్గినా అది పనిచేసే ఎత్తు పెరుగుతుంది కదా, రెండూ కలిసి అక్కడికక్కడే సరిపోతాయి. పిల్లరును వంచే బలం ఎప్పుడూ రెక్క బరువు ఇంటూ పిల్లరు మధ్య నుంచి రెక్క మధ్యకు ఉన్న దూరం. మూడు బందులు పెట్టినా, నాలుగు పెట్టినా ఇది మారదు. "బందులు గట్టివి వేయించాం, ఇంక ఫరవాలేదు" అనుకోవడం అందుకే తప్పు.

ఇదే లెక్కను ఇటుక పిల్లరు మీద పెట్టి చూద్దాం. 23 సెం.మీ. చదరంలో, అంటే 9 అంగుళాల పిల్లరు మీద మన 100 కిలోల రెక్క వేలాడితే, పిల్లరు మొదలు దగ్గర ఒక ముఖం మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోల సాగదీత వస్తుంది. ఇటుక కట్టుబడి ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది, సాగదీతను దాదాపు తట్టుకోదు. ఇటుకకీ సిమెంటు మాలుకీ మధ్య ఉన్న అతుకే దాని బలహీనత. ఇటుక కట్టుబడికి మన భారత ప్రమాణమైన ఐఎస్ 1905 కోడ్ మంచి మాలుతో కట్టిన గోడకి కూడా, అదీ గాలిలాంటి పక్కభారాలకు, సుమారు 0.7 కిలోలే అనుమతిస్తుంది. రెండు మీటర్ల పిల్లరు సొంత బరువు వల్ల మరో 0.4 కిలోలు కలిసొస్తుంది. అవసరం 5, ఉన్నది ఒకటి చిల్లర. పదమూడున్నర అంగుళాల పిల్లరులో సాగదీత 1.6కి తగ్గుతుంది, అయినా చాలదు. 18 అంగుళాల పిల్లరులో 0.7కి దిగుతుంది, సొంత బరువు పోగా 0.3 మిగులుతుంది. రెక్క చివర 25 కిలోల పిల్లవాడు ఎక్కి ఊగితే అది 0.6 అవుతుంది, అంటే హద్దుకి దాదాపు ఆనుకుని నిలబడుతుంది. ఊచలు లేని ఇటుక పిల్లరుకి ఇలాంటి గేటు తగిలించాలంటే 18 అంగుళాలు కనీస కొలత. మాలు 1:4 (సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్లు) ఉండాలి. ప్రహరీకి వాడిన 1:6 మాలుతోనే పిల్లరు కూడా కట్టేయడం మామూలుగా జరుగుతోంది, అది ఇక్కడ పనికిరాదు.

చీలిక ఎక్కడ వచ్చిందో చూస్తే పిల్లరు ఎటు లాగబడుతోందో తెలిసిపోతుంది. మూసిన గేటు పిల్లరు తలను దారి మధ్యకు లాగుతుంది. కాబట్టి పిల్లరుకీ ప్రహరీకీ మధ్య నిలువు చీలిక వస్తుంది. అది పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. పైన రూపాయి బిళ్ళ దూరి, నడుము ఎత్తులో గోరు కూడా పట్టకపోతే పిల్లరు వాలుతున్నట్టే. గేటును పగలంతా లోపలికి తెరిచి ఉంచే ఇళ్లలో లాగుడు దిశ మారుతుంది, పిల్లరు లోపలికి వంగాలని చూస్తుంది. అప్పుడు వీధి వైపు ముఖం మీద, నేలకు కాస్త పైన, అడ్డంగా వెంట్రుక మందం గీత పడుతుంది. ఈ రెండోది ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే అటు వంగకుండా ఆపడానికి ప్రహరీ సాయం ఏమాత్రం ఉండదు.

కొత్తగా కడుతున్నవారికి

సరైన దారి ఆర్‌సీసీ, అంటే లోపల ఊచలు వేసి పోసిన కాంక్రీటు పిల్లరే. 9×9 అంగుళాల పిల్లరులో నాలుగు మూలలా 12 మి.మీ. ఊచలు, 8 మి.మీ. రింగులు 6 అంగుళాలకొకటి, ఎం20 కాంక్రీటు అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లు వేస్తే 100 కిలోల రెక్క వంపును ఇది చాలా తేలిగ్గా తట్టుకుంటుంది. పైన టైల్సో, గ్రానైటో, ఇటుకో అంటించి ఎంత లావుగా కావాలంటే అంత చేసుకోవచ్చు. ఊచలు ఎక్కడి నుంచి మొదలయ్యాయన్నది అసలు విషయం. అవి ఫుటింగ్ (పిల్లరు కింది పునాది దిమ్మె) అడుగున ఉన్న ఊచల జాలీ మీద అడుగు పొడవున ఎల్ ఆకారంలో వంగి, అక్కడి నుంచి ఏకంగా పైకి రావాలి. ప్రహరీ బెల్టు మీద నాలుగు ఊచలు నిలబెట్టి పోసేసిన పిల్లర్లు చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, కానీ మొదలు దగ్గరే విరుగుతాయి. సెంట్రింగ్ కొట్టకముందు మీరే వెళ్లి గుంతలోకి చూడండి. ఆ తరువాత చూసే అవకాశం ఉండదు.

బస్తా సిమెంటుకు నీళ్లు, ఇసుకలోని తడితో కలిపి, 30 లీటర్లు మించకూడదు. పిల్లరు పోత సన్నగా ఉంటుంది కాబట్టి కాంక్రీటు జారడం కోసం నీళ్లు పోసేస్తారు. అలా చేస్తే కంకర కిందికి, సిమెంటు పాలు పైకి పోయి, సరిగ్గా పై బందు వచ్చే చోట కాంక్రీటు బోలుగా మిగులుతుంది. 20 మి.మీ. కంకర ఊచల మధ్య ఇరుక్కుంటే 12 మి.మీ. చిప్స్ వాడి, సన్న నీడిల్ వైబ్రేటర్ పెట్టండి.

ఫుటింగ్ విషయానికొస్తే, గట్టి ఎర్రమట్టి నేలలో 3×3 అడుగుల వెడల్పు, అడుగు మందం, నేల మట్టానికి 3 అడుగుల లోతు ఈ బరువుకి సరిపోతుంది. జాలీ 10 మి.మీ. ఊచలతో 6 అంగుళాలకొకటి చొప్పున రెండు వైపులా. నల్లరేగడిలో ఈ లెక్క కుదరదు. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. వేసవిలో పగుళ్లు ఎంత లోతుకు దిగుతాయో అంతకంటే కిందికి ఫుటింగ్ పోవాలి. కొత్తగా ఇల్లు కడుతుంటే ఇంటి పునాదులకు స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పిన లోతే గేటు పిల్లర్లకూ ఇవ్వండి. ఇంటికి లోతుగా వేసి గేటుకి రెండడుగులతో సరిపెట్టడం వల్లే రేగడి నేలల్లో గేట్లు ఏటా ఒక్కో కాలంలో ఒక్కోలా పడతాయి: వానాకాలం బిగుసుకుంటాయి, ఎండాకాలం వదులవుతాయి. రెండు పిల్లర్ల ఫుటింగులనూ దారి కింద నుంచి ఒక బీముతో కలిపితే మంచి లాభం ఉంది. మూసిన గేట్ల లాగుళ్లు ఎదురెదురు కాబట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 9×12 అంగుళాల బీములో పైన రెండు, కింద రెండు 12 మి.మీ. ఊచలు వేసి, చివరలు పిల్లరు ఊచల్లోకి వంచాలి.

బందు కూర్చునే ఇన్‌సర్ట్ ప్లేటు పోతకు ముందే పెట్టించుకోండి. 6×6 అంగుళాల 8 మి.మీ. ప్లేటు వెనక నాలుగు 12 మి.మీ. కమ్మీలు వెల్డింగ్ చేసి, చివరలు వంచి, రింగులకు బైండింగ్ వైరుతో కట్టేస్తే అది పిల్లరులో భాగమైపోతుంది. తరువాత ఫ్యాబ్రికేటర్ వచ్చి బందును దాని మీద అతికిస్తాడు. వెల్డింగ్ ఏకధాటిగా కాకుండా అంగుళం, అంగుళంన్నర చొప్పున చల్లార్చుకుంటూ చేయాలి. ప్లేటు ఎర్రబారితే వెనకున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది. దీనికోసం గేటు డ్రాయింగు పిల్లరు పోతకు ముందే చేతిలో ఉండాలి. ఖర్చు పెద్దగా పెరగదు, పనుల వరస మార్చుకోవాలి అంతే.

కట్టేసిన పిల్లరుకి బిగించాలంటే

మన దగ్గర ఎక్కువగా చేసేది పిల్లరు ఉలితో తవ్వి, హోల్డ్‌ఫాస్ట్ (బందును పట్టుకునేందుకు పిల్లరులో పాతే ఇనుప పట్టీ) దూర్చి, మాలుతో పూడ్చడం. ఆర్‌సీసీ పిల్లరు అయితే ఆ సుత్తి దెబ్బలకు ఊచల చుట్టూ కాంక్రీటు కదిలిపోతుంది. ఇటుక పిల్లరు అయితే నాలుగు వరసల దాకా అతుకులు వదులవుతాయి. ఇంకా ఘోరం, అదే రోజు సాయంత్రం కింద నాలుగు ఇటుకలు పేర్చి గేటు తగిలించేస్తారు. రాత్రి ఎవరో గేటు తీస్తారు, పచ్చి మాలులో హోల్డ్‌ఫాస్ట్ కదులుతుంది, ఇక అది జన్మలో పట్టదు. తప్పక ఈ పద్ధతే అయితే గుంతను లోపల వెడల్పుగా, బయట ఇరుకుగా తవ్వాలి. దుమ్ము కడిగి, తడిపి, 1:2:4 సన్న చిప్స్ కాంక్రీటుతో నింపి, ఏడు రోజులు నీళ్లు పట్టాకే బరువు పెట్టాలి.

విస్తరించే రకం యాంకర్ బోల్టులు ఇటుక పిల్లరుకి వద్దు. అవి పట్టేదే పక్కలకు నెట్టుకుని. 9 అంగుళాల పిల్లరులో ఎటు చూసినా అంచు నాలుగున్నర అంగుళాల దూరంలోనే ఉంటుంది కాబట్టి బోల్టు బిగిస్తుండగానే ఇటుక నిలువునా చీలుతుంది. ఆర్‌సీసీలో కూడా నాలుగు బోల్టుల ప్లేటు పెడితే బోల్టులు అంచుకి దగ్గరగా, సరిగ్గా మూల ఊచల మీదికి వస్తాయి. దానికంటే పిల్లరు నడిమధ్య గీత మీద ఒకదాని కింద ఒకటి రెండు 12 మి.మీ. కెమికల్ యాంకర్లు, అంటే రంధ్రంలో రెసిన్ నింపి అతికించే బోల్టులు మేలు. అక్కడ ఊచలు అడ్డురావు, అంచు దూరం ఎక్కువ, కెమికల్ పక్కలకు నెట్టదు. రంధ్రం 14 మి.మీ., లోతు కాంక్రీటులో 110 మి.మీ. ఈ లోతు కాంక్రీటు ముఖం నుంచి కొలవాలి, ప్లాస్టరు, టైలు, గ్రానైటు మీద నుంచి కాదు. 20 మి.మీ. ప్లాస్టరు, 20 మి.మీ. గ్రానైటు, వాటి మధ్య మాలు కలిపితే రెండంగుళాలు పైచిలుకు ఎందుకూ పనికిరాని పొరే. కెమికల్ యాంకర్లు విఫలమవడానికి మొదటి కారణం రంధ్రంలో దుమ్ము. గాలి కొట్టాలి, వైరు బ్రష్ తిప్పాలి, మళ్లీ గాలి కొట్టాలి, దుమ్ము రావడం ఆగేదాకా. రెసిన్ రంధ్రం అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. ట్యూబు మీద రాసిన సమయం పూర్తయ్యేవరకు ఎవరూ ముట్టుకోకూడదు.

పాత ఇటుక పిల్లరుకి బోల్టే వాడాలంటే ఇటు నుంచి అటు పోయే 16 మి.మీ. థ్రెడ్ రాడ్, వెనకవైపు 6×6 అంగుళాల ప్లేటు వేయండి. ప్లేటు కూర్చునే చోట ప్లాస్టరు తీసి, సిమెంటు గ్రౌటుతో చదును చేయాలి. అప్పుడు లాగుడును ఒక ఇటుక కాకుండా పిల్లరు మందమంతా పంచుకుంటుంది. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టకండి, వెనక ముఖం చిప్పలా ఊడిపోతుంది. ఇది పిల్లరుకి బందు ఊడకుండా చూస్తుందే తప్ప, పిల్లరు వంగకుండా కాదు.

పిల్లరే బలహీనంగా ఉంటే మా సలహా ఒక్కటే: దాన్ని అందానికి వదిలేసి, గేటును దాని పక్కన నిలబెట్టిన ఉక్కు స్తంభానికి తగిలించండి. 100×100×5 మి.మీ. చదరపు గొట్టాన్ని పిల్లరు దారి వైపు ముఖానికి ఆనించి, ఒకటిన్నర అడుగుల చదరం, మూడడుగుల లోతు గుంతలో కాంక్రీటుతో నిలబెట్టాలి. ఒక్కో గుంతకి ఒకటిన్నర బస్తా సిమెంటు, సుమారు 3 ఘనపుటడుగుల ఇసుక, 5.5 ఘనపుటడుగుల కంకర పడతాయి. గొట్టం అడుగున అడ్డంగా రెండు కమ్మీలు వెల్డింగ్ చేయండి, పైన మూత వేయించండి. మూత లేని గొట్టంలో వాన నీళ్లు నిండి లోపల నుంచి తుప్పు పడుతుంది. దారి ఒక్కో స్తంభానికి నాలుగంగుళాలు ఇరుకవుతుంది, కారు వెడల్పు చూసుకోండి. పిల్లరు గుంత పక్కనే తవ్వుతారు కాబట్టి, గేటు ముందుగా దించేసి, పిల్లరుకి ఊతం పెట్టి మొదలుపెట్టాలి.

చక్రం, గాలి, జారుడు గేటు

రెక్క చివర కింద ఒక చక్రం పెడితే సగం బరువు నేల మోస్తుంది, పిల్లరు మీద వంపు దాదాపు సున్నా అవుతుంది. కానీ చక్రం తిరిగే వంపు దారంతా ఒకే మట్టంలో కాంక్రీటుగానో, ఇనుప పట్టీగానో ఉండాలి. ర్యాంపు వాలుగా ఉంటే ఒకచోట చక్రం గాల్లో లేస్తుంది, బరువంతా మళ్లీ పిల్లరు మీదికే వస్తుంది. ఇంకోచోట నేలకు తన్ని బందులను పైకి ఎత్తేస్తుంది. స్ప్రింగు ఉన్న చక్రం కొంత సర్దుకుంటుంది. బరువును కింద నేలలోని కప్పు, బేరింగు మీద కూర్చోబెట్టడం కూడా మంచి పద్ధతే, బందులు అరగవు, గేటు తేలిగ్గా తిరుగుతుంది. అయితే అది పిల్లరు వంపును తగ్గించదు.

పూర్తి రేకు గేటుకి గాలి కూడా పెద్ద భారమే. కట్టడాల మీద పడే భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం మూల గాలి వేగం హైదరాబాదుకి సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడ, నెల్లూరులకు 50 మీటర్లు. ఇళ్ల మధ్య, నేలకు దగ్గరగా అది తగ్గుతుంది నిజమే. అయినా 44 మీటర్ల గాలి చదరపు మీటరుకు 118 కిలోల ఒత్తిడి పెడుతుంది. మన 3 చదరపు మీటర్ల రెక్క మీద అది 350 కిలోలు. తీరంలో ఉన్నవాళ్లు పూర్తి రేకు బదులు కింద రేకు, పైన పట్టీల డిజైను ఎంచుకోవడం తెలివైన పని. తెరిచిన రెక్కకీ, మూసిన రెక్కకీ నేలలో గడియ కన్నం ఉండాలి. తెరిచి వదిలేసిన రెక్క గాలికి వచ్చి కొట్టుకున్న ప్రతిసారీ పై బందు దగ్గర దెబ్బ పడుతుంది.

జారుడు గేటుది వేరే కథ. దాని బరువు పట్టా మీదే ఉంటుంది, పిల్లరు దాన్ని పక్కకు పడకుండా పట్టుకుంటుందంతే. అది పడిపోయేది పై గైడ్ రోలర్ల నుంచి చివర బయటికి జారినప్పుడు. పట్టా మీద చిన్న ఇనుప ముక్క అతికించి స్టాపర్ అంటారు, చక్రం దాన్ని ఎక్కి దిగిపోతుంది. రెండు చివరలా ఫ్రేముకే తగిలేంత ఎత్తున, నేలలో పాతిన స్టాపర్ ఉండాలి. గేటు ఏ స్థితిలో ఉన్నా కనీసం రెండు చోట్ల గైడ్లు పట్టుకుని ఉండాలి.

కర్ర, రాతి స్తంభాలు

తోటల్లో, పొలాల్లో సరుగుడు, తుమ్మ, జామాయిల్ గుంజలకు గేటు కడతారు. కర్ర కుళ్లేది నేలమట్టం దగ్గర, గాలీ తడీ రెండూ తగిలే చోట. అందుకే గుంత అడుగున ఆరు అంగుళాల కంకర పోసి, దాని మీద గుంజ నిలబెట్టి, పైన కాంక్రీటును బయటికి వాలుగా తీయాలి. చుట్టూ కప్పులా కాంక్రీటు పోస్తే నీళ్లు అందులోనే నిలుస్తాయి. మేకులు, స్క్రూలు పచ్చి కర్రకు వద్దు, అది ఎండి ముడుచుకునేసరికి వదులవుతాయి. ఆరపార బోల్టు, రెండు వైపులా వెడల్పు వాషర్లు వేసి, ఏడాది తరువాత ఒకసారి బిగించాలి. రాతి కడీలకు రంధ్రం వేయకండి, అంచు దగ్గర పొర ఊడుతుంది. కడీ చుట్టూ 50×6 మి.మీ. పట్టీతో క్లాంపు చేసి, దానికి బందు వెల్డింగ్ చేయించండి. క్లాంపుకీ రాయికీ మధ్య రబ్బరు ముక్క పెడితే జారదు.

తగిలించే రోజు

పిల్లరు కాంక్రీటు పోసి 28 రోజులు గడిచాయో లేదో చూసుకోండి. పై బందు పిన్నును తలకిందులుగా పెట్టించండి, అప్పుడు గేటును పైకి ఎత్తి ఊడదీయలేరు, గుద్దుకున్నా బందుల్లోంచి ఎగిరి పడదు. బందులన్నీ ఒకే నిలువు గీతలో లేకపోతే మూడింట్లో ఒక్కటే బరువు మోస్తుంది. పిల్లరు తల నుంచి గుండు కట్టిన దారం వదిలి, పైనా కిందా పిల్లరుకీ దారానికీ ఉన్న దూరం కొలిచి పిల్లరు మీదే పెన్సిలుతో రాయండి. రెండు రెక్కల మధ్య ఖాళీని కూడా పైనా కిందా కొలిచి రాసుకోండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక మళ్లీ కొలవండి. దారం కొలత మారకుండా రెక్కల ఖాళీ మాత్రమే మారితే తప్పు గేటు ఫ్రేముదో బందులదో: పై బందు నుంచి రెక్క కింది చివరి మూలకు ఒక ఏటవాలు పట్టీ వెల్డింగ్ చేయిస్తే సాధారణంగా సరిపోతుంది. దారం కొలతే మారితే పిల్లరు కదిలింది, అప్పుడు గేటును ఆ రోజే దించి గోడకు చేర్చి కట్టేయాలి, ఆ తరువాతే మిగతా ఆలోచన.